తలకట్టు దగ్గర, ఒత్తు దగ్గర: తెలుగు చేతిరాత ఫాంట్ల అందమూ వాటి వాడుకా

గుంటూరు బ్రాడీపేటలో లైన్లకూ అడ్డరోడ్లకూ నంబర్లున్నట్టే, శుభలేఖల దుకాణంలో నమూనా కార్డులకూ నంబర్లుంటాయి. పెళ్లివారు ఆల్బం తిరగేసి ఒక నంబరు ఎంచుకుని, ఇంటి దగ్గర కాగితం మీద రాసుకొచ్చిన మేటర్‌ను డీటీపీ ఆపరేటర్ చేతికిస్తారు. ఆ మేటర్‌లో వధూవరుల పేర్లు, ముహూర్తం, కల్యాణ మంటపం, విందు వేళ కార్డు కార్డుకూ మారతాయి. మారనిది పై వరుస ఒక్కటే: శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ఈ మూడు మాటలూ అందరికీ ముందే తెలుసు కాబట్టి వాటిని ఎవరూ కూడబలుక్కుని చదవరు, ఊరికే చూస్తారు. అందుకే అలంకారమైన చేతిరాత ఫాంటుకు తెలుగు అచ్చుపనిలో అంత నిశ్చింతైన చోటు మరొకటి లేదు.

ఆ వరుసను దగ్గరగా చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. మూడు మాటలూ ‘స్తు’తోనే ముగుస్తాయి. సకారం, దాని కుడివైపు కిందుగా తకారపు ఒత్తు, పక్కన కొమ్ము. చేయి తిరిగిన లేఖకుడు పాళీతో ఇదే వరుస రాస్తే మూడు ‘స్తు’లూ మూడు రకాలుగా వస్తాయి. మొదటిదాని ఒత్తు సకారం కిందే పొందికగా ఒదుగుతుంది. రెండోది పక్క మాటకు చోటిచ్చి కొద్దిగా ముడుచుకుంటుంది. మూడోదాని కొమ్ముకు వరుస చివర ఖాళీ దొరుకుతుంది కనుక అది సాగి పైకి లేస్తుంది. ఫాంటుతో కూర్చినప్పుడు మూడూ ఒకే ముద్ర వేసినట్టు వస్తాయి, ‘మస్తు’ అన్న భాగం రెండుసార్లు అచ్చంగా అదే కనిపిస్తుంది. రాతను చేతిరాతగా కన్ను నమ్మేది ఆ చిన్న తేడాల వల్లనే కనుక, ఎంత సొగసైన ఫాంటైనా ఇలాంటి చోట దొరికిపోతుంది. తెలుగులో ఈ రకం ఫాంటు బాగోగులు విడి అక్షరాల ఒంపుల్లో కంటే అతుకుల దగ్గర, అంటే తలకట్టు, ఒత్తు, కొమ్ము వచ్చి కలిసే చోట్లలో ఎక్కువగా తెలుస్తాయి. వాడకంలోని బాగోగులు దానితో ఎన్ని మాటలు కూర్చారన్న లెక్కలో తెలుస్తాయి.

చేతిరాత ఫాంటు అన్న పేరు కింద నిజానికి వేరువేరు రాతలు కలిసిపోయి ఉన్నాయి. ఉత్తరంలోనో నోటుపుస్తకంలోనో కనిపించే మామూలు దస్తూరిని అలాగే ఎక్కించిన ఫాంటు ఒక రకం. వెడల్పు పాళీని ఒక కోణంలో పట్టి, గీత లావు సన్నాలను లెక్కగా నడిపిన కాలిగ్రఫీ మరొక రకం. కుంచె దెబ్బ, దాని చివర చీలిన వెంట్రుకల జాడ కనిపించేలా గీసినది ఇంకొకటి. వీటికి తోడు పోస్టరుకో సినిమా పేరుకో ఆ ఒక్కసారికి గీసే లెటరింగ్ ఉంటుంది. అది ఫాంటు కాదు, ఆ నాలుగు అక్షరాల బొమ్మ, మళ్లీ వేరే మాటకు పనికిరాదు. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లనే, ఒక పోస్టరు మీద ముచ్చటపడిన లెటరింగ్ లాంటిది ‘ఫాంటుగా’ కావాలని అడిగేవారు నిరాశపడుతుంటారు.

విడి అక్షరాలను గీసే చేయి ఫాంటుగా మారడానికి పాశ్చాత్య లిపుల్లో చాలా శ్రమ జరిగింది. జర్మన్ లిపికారుడు హెర్మాన్ జాఫ్ 1944లో తాను రాసుకున్న కాలిగ్రఫీ పుటను ఆధారం చేసుకుని, 1998లో జాఫినో అనే ఫాంటును వెలువరించాడు. అందులో ఒకే అక్షరానికి పలు రూపాలు ఉంటాయి, పక్కనున్న అక్షరాన్ని బట్టి రూపం మార్చుకునే ఏర్పాటూ ఉంటుంది. పైన చెప్పిన మూడు ‘స్తు’ల చిక్కుకు సాంకేతికంగా జవాబు ఇదే. లాటిన్ లిపిలో చిన్నవీ పెద్దవీ కలిపి 52 అక్షరాలు కనుక ఒక్కోదానికి నాలుగైదు రూపాలు గీయడం చేతనవుతుంది. తెలుగులో 36 హల్లులకు గుణింతం లెక్క వేస్తేనే రూపాలు 500 దాటుతాయి. ఆపైన ఒత్తులు, రెండు ఒత్తులు కలిసే సంయుక్తాక్షరాలు ఉన్నాయి. వీటన్నిటికీ ప్రత్యామ్నాయ రూపాలు గీయాలంటే ఏళ్ల పని. తెలుగులో చేతిరాత ఫాంట్లు తక్కువగా ఉండడానికి అభిరుచి కరువు కారణం కాదు, ఈ పని బరువే కారణం.

తెలుగువారికి ఈ విషయంలో మొదట గుర్తొచ్చే పేరు బాపు (1933–2014). బొమ్మల పక్కన, పుస్తకాల అట్టల మీద, సినిమా పేర్లలో ఆయన రాసిన అక్షరాలకు జనం ఎంతగా అలవాటుపడ్డారంటే, ఆ దస్తూరి ఫాంటుగా వచ్చిన తర్వాత ‘బాపు ఫాంటు’ అన్న మాట ఒక తరహా రాతకు పేరుగానే స్థిరపడింది. శుభలేఖ వేయించడానికి వచ్చినవారు ఫాంటు అన్న మాట అర్థం తెలియకపోయినా ‘బాపు అక్షరాలు వేయండి’ అని అడగగలరు. ఒక వ్యక్తి చేతిరాత ఒక భాష మాట్లాడేవారందరి శుభకార్యాల్లోకీ ఇలా నడిచి రావడం అరుదైన గౌరవం. అయితే బాపు స్వయంగా రాసిన పేరుకూ, ఆ ఫాంటుతో కూర్చిన పేరుకూ మధ్య తేడా మాత్రం ఉండి తీరుతుంది. ఆయన ప్రతి పేరునూ దాని చోటుకు తగ్గట్టు రాశారు, ఫాంటుకు చోటు సంగతి తెలియదు.

తెలుగు కాలిగ్రఫీకి సంబంధించి ఒక చారిత్రక చిక్కును ఇక్కడ చెప్పుకోవాలి. మన లిపి ఎక్కువ కాలం తాటాకు మీద గంటంతో నడిచింది. గంటం మొన ఆకును గీరుతుంది, ఆ గీతలో మసి నింపుతారు. మొన ఎటు తిరిగినా గీత వెడల్పు ఒకటే. ఆకు ఈనె వెంట అడ్డంగా నిడుపాటి గీత లాగితే ఆకు చీలుతుంది కాబట్టి గుండ్రటి ఒంపులు లేఖకుడికి అనుకూలం. అంటే వెడల్పు పాళీ వల్ల పుట్టే లావు సన్నాల వరసను లాటిన్ అక్షరాలూ అరబ్బీ అక్షరాలూ పుట్టుకతో తెచ్చుకున్నట్టుగా తెలుగు అక్షరాలు తెచ్చుకోలేదు. రాతి మీద చెక్కిన అక్షరాల దారి వేరు. విజయవాడ మల్లేశ్వరాలయంలో స్తంభం మీదున్న యుద్ధమల్లుని బెజవాడ శాసనం తెలుగు పద్యం కనిపించే తొలి శాసనాల్లో ఒకటి. ఆ అక్షరాలకు ఒంపు ఇచ్చింది ఉలి. తర్వాతి కాలంలో కాగితం, సిరా, కలం వచ్చాక గ్రామ కరణాల లెక్కల్లో గొలుసుకట్టు రాత స్థిరపడింది. కలం ఎత్తకుండా అక్షరం వెంట అక్షరం అల్లుకుపోయే ఆ రాత వేగం కోసం పుట్టినదే అయినా, అందులో అసలైన తెలుగు లయ ఉంది. కానీ దాన్ని ఇప్పుడు చదవగలిగినవారే తక్కువ. ఇంగ్లీషు గొలుసుకట్టును అనుకరించే తెలుగు ఫాంట్ల కంటే, కరణాల దస్తూరిని శ్రద్ధగా చదివి, అందులో నేటి పాఠకుడి కంటికి ఆనే భాగాన్ని ఎంచుకుని గీసే ఫాంటు మన లిపికి ఎక్కువ సహజంగా ఉంటుంది. ఈ దారిలో చేయవలసిన పని చాలా మిగిలి ఉంది.

లావు సన్నాల ప్రశ్న తలకట్టు దగ్గర మరీ స్పష్టంగా కనిపిస్తుంది. తలకట్టులో రెండు గీతలుంటాయి: ఎడమ నుంచి కుడికి కిందికి దిగే పొట్టి గీత, అక్కడినుంచి కుడివైపు పైకి లేచే పొడుగు గీత. లాటిన్ కాలిగ్రఫీలో పట్టినట్టు పాళీని 45 డిగ్రీల కోణంలో పడితే పొట్టి గీత లావుగా, పొడుగు గీత వెంట్రుకంత సన్నగా వస్తాయి. నాగరి లిపికి రెల్లు కలాన్ని కోసే పద్ధతిలో పాళీ వాలు ఎదురు దిక్కుకు తిరుగుతుంది. ఆ వాలుతో రాస్తే పొడుగు గీత లావెక్కి తలకట్టు రెక్కలా విచ్చుకుంటుంది. మొదటి పద్ధతిలో అక్షరాలు నాజూకుగా, కాస్త పరాయిగా కనిపిస్తాయి. రెండో పద్ధతిలో నిండుగా, గుడి గోపురం మీది రాతలా కనిపిస్తాయి. రెండూ తప్పు కాదు. ఒకే ఫాంటులో కొన్ని అక్షరాలకు ఒక వాలు, మరికొన్నిటికి ఇంకో వాలు పడితేనే తప్పు. దానివల్ల వరుసలో మచ్చలు పడినట్టు ఉంటుంది. ఉచితంగా దొరికే అలంకార ఫాంట్లను పరీక్షించడానికి ‘కమలం’ అన్న మాట టైపు చేసి చూడడం మంచి పద్ధతి. తలకట్టు ఉన్న కకారం, మకారం పక్కన తలకట్టు లేని లకారం నిలబడుతుంది, బరువు సమంగా పడిందా లేదా అన్నది వెంటనే తెలిసిపోతుంది.

తలకట్టును నగ అనుకుని దానికి ఇష్టమొచ్చిన తోకలు తగిలించే డిజైనర్లు ఒక సంగతి మరచిపోతారు. అది అకారానికి గుర్తు. ‘క’కు గుడి తగిలి ‘కి’ అయినప్పుడు, పొల్లు తగిలి ‘క్’ అయినప్పుడు తలకట్టు తప్పుకుంటుంది, కొమ్ము తగిలి ‘కు’ అయినప్పుడు ఉండిపోతుంది. హల్లులోని అకారాన్ని ఒక గీతతో చూపించే పద్ధతి భట్టిప్రోలు లిపిలోనే కనిపిస్తుందని గుర్తు చేసుకోవచ్చు. ఆ లిపి చెక్కిన బౌద్ధ ధాతుపేటికలు 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలులో జరిపిన తవ్వకాల్లో బయటపడ్డాయి. కనుక తలకట్టును ఎంత సాగదీసినా అది గుడిలాగానో పొల్లులాగానో పొరబడేంత వంచకూడదు. పొల్లు పైకి పొడుచుకొచ్చే తీరునూ, సాగిన తలకట్టునూ ఒకే వంపులో గీసిన ఫాంట్లలో ‘రామ’ అన్న పేరు ‘రామ్’ అయిపోతుంది. పెళ్లికార్డు మీద అలాంటి పొరపాటు చిన్నది కాదు.

పోలికలున్న అక్షరాల దగ్గర కూడా ఇదే జాగ్రత్త కావాలి. పకారానికీ వకారానికీ తేడా తలకట్టు దగ్గరి సందులోనే ఉంది. మకారం చూపుకు వకారానికి కొమ్ము తగిలించినట్టే ఉంటుంది కాబట్టి ‘వు’ రాసేటప్పుడు కొమ్మును కిందినుంచి తిప్పి వేరు చేసుకుంటాం. దకారం, ధకారం, థకారం విడిపోయేది ఒక చిన్న గీత వల్లా ఒక చుక్క వల్లా. సన్నటి గీతల ఫాంటులో మొదట మాయమయ్యేవి ఆ గీతా ఆ చుక్కే.

ఒత్తుల సంగతి వేరు, అది చోటుకు సంబంధించినది. లాటిన్ మాట ఒక పట్టెలో పడుకుంటుంది. తెలుగు మాట కిందికి దిగుతుంది, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ వంటి వాటిలో ఇంకా లోతుకు దిగుతుంది, క్రావడి ఎడమనుంచి చుట్టుకొస్తుంది. ఇంగ్లీషు కాలిగ్రఫీ ఫాంట్ల ఒంపులు చూసి ముచ్చటపడి అదే ధోరణిలో తెలుగు అక్షరాలకూ కింది తోకలు పెడితే, ఆ తోకలు కింది వరుసలోని గుళ్లకూ దీర్ఘాలకూ తగులుకుంటాయి. వరుసల మధ్య ఎడం పెంచితే మాటలు విడిపోయి కార్డు మీద చోటు చాలదు. అందుకే మంచి తెలుగు కాలిగ్రఫీ ఫాంటులో సాగుడంతా పైకీ పక్కకీ ఉంటుంది, కింది భాగం ఒత్తులకే వదిలిపెడతారు. ఒత్తు పరిమాణమూ చూసుకోవాలి. మరీ చిన్నదైతే అచ్చులో పూడిపోతుంది, పెద్దదైతే అక్షరంతో పోటీ పడుతుంది. ‘అవిఘ్నమస్తు’లో ఘకారం కింద నకారపు ఒత్తు, సకారం కింద తకారపు ఒత్తు ఒకే లోతుకు దిగాయా అన్నది చూస్తే ఫాంటు గీసినవారి శ్రద్ధ తెలుస్తుంది.

ఇంత ఆలోచించి ఎంచుకున్న ఫాంటు కంప్యూటర్‌లో సరిగ్గా పనిచేయాలి కదా. విజయవాడ, గుంటూరు డీటీపీ సెంటర్లలో ఎక్కువగా కనిపించేవి ‘అను’ అనే పేరుగల ఫాంట్లు. అవి, ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్లన్నిటికీ ఒకే సంఖ్య ఇచ్చే యూనికోడ్‌కు ముందటి పద్ధతిలో నడుస్తాయి: ఫాంటులో ఉండే 256 గదుల్లో అక్షరాల ముక్కలను సర్ది, టైపు చేసేటప్పుడు ఆ ముక్కలను పక్కపక్కన పేరుస్తారు. అందువల్ల ఫొటోషాప్‌లోనైనా కోరెల్‌డ్రాలోనైనా అక్షరం చెదరదు. చిక్కు ఏమిటంటే ఆ మేటర్ కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. ఫాంటు మారిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులవుతుంది, వాట్సాప్‌లో పంపడానికి కుదరదు, వెతికితే దొరకదు. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలున్నాయి. అక్కడ అక్షరాలు మాత్రమే ఉంటాయి, వాటిని కలిపి ‘క్ష’నో ‘స్త్రీ’నో చేసే పని ఫాంటులోని ఓపెన్‌టైప్ నియమాలదీ సాఫ్ట్‌వేర్‌దీ. ఫొటోషాప్ పాత వెర్షన్లలో దక్షిణాసియా భాషలకు ఉద్దేశించిన అమరిక ఎంచుకోకపోతే పొల్లులు బయటికొచ్చి ఒత్తులు విడిపోయి మాట ముక్కలైపోతుంది. ‘యూనికోడ్ ఫాంటు సరిగా రావడం లేదు’ అని ఆపరేటర్లు అను వైపు తిరిగిపోవడానికి తరచూ కారణం ఈ ఒక్క సెట్టింగే.

యూనికోడ్ వైపు, అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ధూర్జటి, పెద్దన, తిమ్మన, సూరన్న, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ అంటూ కవుల, పండితుల పేర్లు పెట్టుకున్న వరుసలో లక్కిరెడ్డి అనేది చేతిరాత తరహాది. తెనాలి పేరు ఒక ఫాంటుకు ఉండడం గుంటూరు ప్రాంతం వారికి సంతోషమే. వీటికున్న ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు వల్ల కార్డుకో లేబులుకో బోర్డుకో డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. ఇంటర్నెట్‌లో దొరికే అలంకార ఫాంట్లన్నీ అలాంటివి కావు. సొంత వాడకానికి మాత్రమే అని రాసి ఉన్న ఫాంటుతో ఒక స్వీటు షాపు లోగో చేసి ఇస్తే అది చట్టం దృష్టిలో తప్పే, ఆ తప్పు షాపు యజమాని మెడకు చుట్టుకుంటుంది.

వాడుకలోకి వస్తే, మొదట శుభలేఖ. ఇక్కడ లెక్క గీత మందానిది. ఒక ఫాంటులోని సన్నటి గీత అక్షరం సైజులో 50వ వంతు ఉందనుకుంటే, 72 పాయింట్ల శీర్షికలో అది 1.44 పాయింట్లుంటుంది, చక్కగా అచ్చవుతుంది. అదే ఫాంటును 12 పాయింట్లకు దించితే గీత 0.24 పాయింట్లకు, అంటే మిల్లీమీటరులో పదోవంతు కంటే తక్కువకు చేరుతుంది. బంగారు ఫాయిల్ ఆ గీతను పట్టదు, స్క్రీన్ ప్రింటింగ్‌లో జల్లెడ గుడ్డ కన్నుల మధ్య అది తెగిపోతుంది, ముదురు మెరూన్ కార్డు మీద ఎదురు రంగుగా విడిచిపెడితే చుట్టుపక్కల సిరా పాకి పూడిపోతుంది. అందుకే పై వరుసకూ, వధూవరుల పేర్లకూ చేతిరాత ఫాంటు చాలు. ముహూర్తం, మంటపం చిరునామా, ఫోన్ నంబర్లు నిలువుగా నిలబడే మామూలు ఫాంటులో ఉండాలి. ‘ఉదయం 9.14’ను ‘9.74’గా చదువుకునే అవకాశం ఇవ్వడం ఏ అలంకారానికీ తగిన మూల్యం కాదు. ముహూర్తాన్ని కూడా ఒంపుల అంకెల్లో వేయమని పట్టుబట్టే పెళ్లివారికి ఆపరేటర్ ఓపికగా నచ్చజెప్పడం ఈ పనిలో భాగమే.

పుస్తకాల అట్ట మీద లెక్క వేరుగా ఉంటుంది. విజయవాడ ఏలూరు రోడ్డు ప్రచురణకర్తల షాపుల్లో పుస్తకాలు ఎక్కువగా నిలబడి ఉండవు, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, వెన్ను మాత్రమే కనిపిస్తుంది. అట్ట మీద విశాలంగా పరుచుకున్న చేతిరాత పేరు, అంగుళం కూడా లేని వెన్ను మీదికి అదే రూపంలో దిగితే ఒత్తులు అంచు దాటిపోతాయి. అట్టకు కాలిగ్రఫీ, వెన్నుకు దానికి పొత్తు కుదిరే నిండైన అచ్చు ఫాంటు పెట్టుకోవడం తెలివైన పని. కవిత్వానికీ ఆత్మకథకూ చేతిరాత పొసుగుతుంది, ఎందుకంటే ఆ పుస్తకాల్లో ఒక మనిషి గొంతు ఉంటుంది. పోటీ పరీక్షల గైడు అట్ట మీద అదే ఫాంటు కనబడితే పుస్తకం మీద నమ్మకం తగ్గుతుంది.

దుకాణాల బోర్డుల విషయంలో విజయవాడలోని రెండు రోడ్లను పోల్చి చూస్తే చాలు. బీసెంట్ రోడ్డులో జనం నడుస్తూ పోతారు, ఆగి తల ఎత్తుతారు, బోర్డుకూ కంటికీ మధ్య దూరం తక్కువ. అక్కడ చీరల కొట్టుకు కాలిగ్రఫీ పేరు చక్కగా అమరుతుంది. బందరు రోడ్డు మీద బోర్డును చూసేది కదిలే బండి మీదినుంచి. ప్రతి 10 అడుగుల దూరానికి 1 అంగుళం ఎత్తు అక్షరం కావాలన్నది బోర్డుల పనిలో ఉన్న మోటు లెక్క. అది ఇంగ్లీషు పెద్దక్షరాలకు పుట్టినది. తెలుగులో పైన గుడులకూ కింద ఒత్తులకూ చోటు పోగా అక్షరం నడుము భాగానికి మిగిలే ఎత్తు తక్కువ కనుక, అదే దూరానికి తెలుగు బోర్డు ఇంకా పెద్దది కావాలి, అందులోనూ సన్నగీతల ఫాంటయితే మరీను. అదే రోడ్డు మీద అవే అక్షరాలు అక్రిలిక్ లెటర్లయి లోపల ఎల్ఈడీ పెట్టవలసి వస్తే, గీత కనీసం ఆ దీపం పట్టేంత వెడల్పు ఉండాలి. తలకట్టు సన్నగా సాగిన అక్షరం పగలు అందంగా ఉండి, రాత్రి తలకట్టు లేకుండా వెలుగుతుంది.

ఇంటి గుమ్మం పక్కన పెట్టే లేజర్ కటింగ్ నామఫలకంలో వచ్చే చిక్కు తెలుగుకే ప్రత్యేకం. ‘ప్రసాద్’ అన్న పేరు తీసుకుందాం. చెక్కలోంచి అక్షరాలను కోసి తీస్తే పకారం తలకట్టు విడి ముక్క, దాని క్రావడి తరచూ విడి ముక్క, ‘సా’ మీది దీర్ఘం ఇంకో ముక్క. ఇంగ్లీషు గొలుసుకట్టు ఫాంటులో పేరు మొదటినుంచి చివరివరకు ఒకే తీగలా చేతికొస్తుంది, తెలుగు పేరు గుప్పెడు ముక్కలుగా రాలుతుంది. వాటిని కలపడానికి సన్నటి వంతెనలు గీయాలి. పకారం తలకట్టును ఒంటికి కలిపే వంతెన లావైతే అది వకారంలా కనిపిస్తుంది కనుక, తలకట్టును ఒంటితో కాకుండా పక్క అక్షరం దీర్ఘంతో కలపడం మేలు. ఆ కలుపులో గొలుసుకట్టు రాత పోలిక కూడా వస్తుంది. వెనక ఒక పలక పెట్టి అన్నిటినీ దాని మీద అతికించడం సులువైన దారి, కానీ అప్పుడు తీగలాంటి అందం ఉండదు.

పచ్చళ్లు, కారం, పొడుల పొట్లాల మీద చేతిరాత ఫాంటు చేసే పని వేరు. గుంటూరు గోంగూర పచ్చడి సీసా మీద రాత ఇంట్లో అమ్మమ్మ కాగితం అంటించి రాసినట్టుంటే కొనేవారికి ఇంటి వంట గుర్తొస్తుంది. ఇక్కడ పాళీ కాలిగ్రఫీ కంటే మామూలు దస్తూరి ఫాంటు ఎక్కువ పనిచేస్తుంది. బంగారు ఒంపుల అక్షరాలు పచ్చడి సీసాను నగల దుకాణంలా చేస్తాయి. పేరు వరకే ఆ స్వేచ్ఛ. బరువు, ధర, తయారీ తేదీ, అందులో ఏమేం ఉన్నాయన్న వివరం ఎవరైనా ఒక్క చూపులో చదవగలగాలి. దసరాకు ఇంద్రకీలాద్రి దారిలో కట్టే ఫ్లెక్సీల మీదా, పండగ రోజు వాట్సాప్‌లో తిరిగే శుభాకాంక్షల మీదా కూడా ఇదే విభజన సరిపోతుంది.

ఈ అన్ని చోట్లా కొన్ని చేతి అలవాట్లు ఫాంటును పాడుచేస్తుంటాయి. చోటు చాలక అక్షరాన్ని పక్కలనుంచి నొక్కితే నిలువు గీతలు సన్నబడి అడ్డ గీతలు అలాగే ఉండిపోతాయి, పాళీ కోణం అబద్ధమైపోతుంది. అక్షరాల మధ్య ఎడం పెంచితే గొలుసు తెగుతుంది. చుట్టూ మందపాటి అవుట్‌లైన్ వేస్తే థకారంలోని చుక్క మునిగిపోతుంది. ఒకే కార్డు మీద తెలుగుకో చేతిరాత ఫాంటు, ఇంగ్లీషుకో చేతిరాత ఫాంటు పెడితే రెండు చేతులు ఒకే కాగితం మీద పోట్లాడినట్టుంటుంది. తెలుగు అలంకారంగా ఉంటే ఇంగ్లీషు నిటారుగా, ఇంగ్లీషు అలంకారంగా ఉంటే తెలుగు నిటారుగా ఉండాలి.

మూడు ‘స్తు’ల చిక్కుకు డీటీపీ సెంటర్‌లోనే చేయగలిగిన మందు ఒకటుంది, అందుకు పది నిమిషాలు పట్టదు. మేటర్‌లో అక్షరదోషాలు సరిచూసుకుని, పెళ్లివారు ఒప్పుకున్నాక, పై వరుసను కోరెల్‌డ్రాలో కర్వ్స్‌గా మార్చాలి. ఇక అది అక్షరం కాదు, గీత, ఎటు లాగితే అటు వస్తుంది. మొదటి ‘స్తు’ను ముట్టుకోకూడదు. రెండోదాని తకారపు ఒత్తును విడదీసి కొంచెం ఎడమకు జరిపి, దాని తోకను రవ్వంత కుదించాలి. మూడోదాని కొమ్ము చివర నోడ్ (గీతను లాగడానికి వీలిచ్చే చుక్క) పట్టుకుని, కార్డు అంచుకు తగలకుండా, పైకీ కుడికీ సాగదీయాలి. సాగిన గీత మధ్యలో సన్నబడి చివర మళ్లీ లావెక్కేలా చూసుకోవాలి, పాళీ ఆగేముందు చేయి చేసే పని అదే. తర్వాత నమూనా ప్రింటు తీసి, కార్డును చేతిలో పట్టుకున్నంత దూరంలో పెట్టుకుని, ఘకారం కింద నకారపు ఒత్తు పూడలేదు కదా అని చూసి ఫాయిల్ అచ్చుకు పంపవచ్చు.